వ్యర్థంలో అర్థం

ఆర్మూరు పసుపు రైతు పంటనంతటినీ అంగడికి తరలించడు. మరుసటి పంటకు విత్తనంగా కొన్ని దుంపలను పదిలపరుస్తాడు. చేతికి వచ్చినదానిలో కొంత మళ్లీ మొదటికి చేరాలన్న ఈ నీతి లోహ పరిశ్రమకూ వర్తిస్తుంది.

విమానాలకు, రాకెట్లకు అవసరమైన టైటానియం సముద్రతీరపు ఇసుక ఖనిజాలలో లభిస్తుంది. ఆ ఖనిజాన్ని బొగ్గుతో కలిపి వేడిచేసి, క్లోరిన్ వాయువును పంపితే టైటానియం టెట్రాక్లోరైడ్ ఏర్పడుతుంది. దానితో మెగ్నీషియం చర్య జరిపినప్పుడు స్పంజి వంటి టైటానియం లోహం వెలువడుతుంది. అయితే 1 టన్ను లోహానికి సుమారు 4 టన్నుల మెగ్నీషియం క్లోరైడ్ మిగులుతుంది. ఖనిజంలోని ఇనుము వేరుగా ఐరన్ క్లోరైడులుగా మారుతుంది. ఆమ్లగుణం గల ఈ క్లోరైడులను పారబోస్తే నేల, నీరు కలుషితమవుతాయి.

వీటికి విజ్ఞానశాస్త్రం మార్గం చూపింది. కరిగిన మెగ్నీషియం క్లోరైడును విద్యుద్విశ్లేషణ చేస్తే మెగ్నీషియం, క్లోరిన్ విడివడి, మళ్లీ ఉత్పత్తికే ఉపయోగపడతాయి. ఐరన్ క్లోరైడును అధిక ఉష్ణోగ్రత వద్ద ఆక్సిజన్‌తో చర్య జరిపితే క్లోరిన్, ఐరన్ ఆక్సైడ్ లభిస్తాయి.

హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల టైటానియం స్పంజి తయారీ విధానాన్ని రూపొందించింది. ఆ విధానంతోనే కేరళలోని చవరలో 500 టన్నుల వార్షిక సామర్థ్యం గల కర్మాగారం 2011లో ప్రారంభమైంది.

విద్యుద్విశ్లేషణకు విద్యుత్తు ఖర్చు అధికమే. కానీ పారబోసిన విషానికి మూల్యం చెల్లించేది కర్మాగారం కాదు, దాని పొరుగున ఉన్న పల్లె. ఆ సంగతిని లెక్కలోకి తీసుకొన్న పరిశ్రమయే నిజమైన ప్రగతికి బాట వేస్తుంది.