సలహా సంఘములందు సభ్యత్వము ఎన్నాళ్ళు?

నిజామాబాదు నగరమందును బోధను పట్టణమందును వార్డు వ్యవహారములలో పురపాలకులకు సలహా చెప్పుటకై నియమింపబడు పౌరులు, జీతము గోరక, పాలక మండలిలో ఓటు లేక, సేవాబుద్ధితోనే ఆ భారమును వహింతురు గావున, వారి పదవికి గడువేదని యడుగుట కృతఘ్నత యని తలంచువారు కలరు. నాకట్లు తోచదు. జీతము లేని పదవికిని పలుకుబడి యుండును. పలుకుబడి యున్న చోట గడువును ఉండవలెను.

1993 జూన్ 1న అమలులోనికి వచ్చిన డెబ్బదినాలుగవ రాజ్యాంగ సవరణ, 243-యు అధికరణముచే పాలక మండలికి మొదటి సమావేశము నుండి అయిదేండ్లకు మించని ఆయువును విధించినది. 243-ఎస్ అధికరణముచే 3 లక్షలును అంతకు పైబడిన జనాభాయు గల పట్టణములకు వార్డు సంఘములను నిర్బంధము చేసినది. 2011 జనగణనలో 3,11,152 మంది గల నిజామాబాదు ఆ హద్దును దాటినది. 77 వేల పైచిలుకు జనముతో బోధను దాటలేదు. అయినను 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టము యువజనులకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖులకు వేర్వేరుగా వార్డునకు నాలుగు సంఘములను, ఒక్కొక్కదానియందు పదునైదుగురిని నిర్దేశించుటచే, 60 డివిజన్ల (వార్డుల) నిజామాబాదునకే 3,600 మంది కావలసివచ్చును. ఇందరిని వెదకుటకంటె పాత జాబితానే తిరుగ వ్రాయుట సులభమని ఎవరికైనను తోచవచ్చును. చిక్కంతయు అచటనే యున్నది. రాజ్యాంగము మండలి ఆయువును కొలిచినదే గాని, ఒకే వ్యక్తి ఎన్ని పర్యాయములు నియమింపబడవచ్చునో చెప్పలేదు.

ఉత్తర ప్రదేశమందలి షాజహాన్‌పూర్ పురపాలక సంఘమునకు నామినేటై, పిదప తొలగింపబడిన ఇరువురు మహిళా సభ్యుల వ్యాజ్యమున, అచటి చట్టనిబంధనను సమర్థించుచు 1993లో సుప్రీంకోర్టు, ప్రభుత్వాభీష్టముచే వచ్చిన పదవి ప్రభుత్వాభీష్టముచేతనే పోవచ్చునని తీర్పిచ్చినది. నామినేటైన సభ్యుడు ఆ స్థానమును తన సొత్తని వాదింపజాలడని దీనివలన తెలియుచున్నది. కాని ఏ క్షణమున తొలగింతురో యను శంకతో కూర్చున్న సలహాదారుడు, అధికారికి రుచింపని సలహా ఎట్లు చెప్పగలడు? నియమితమైన గడువు వార్డును శాశ్వత సభ్యుల నుండి కాపాడుటయే గాక, సభ్యునికిని నడుమ తొలగింపుల నుండి రక్షణ యగును.

బోధను చెరకు రైతు మొక్కతోట నరికిన పిదప ఆ దుబ్బుల నుండియే మరల చిగిర్చు కార్శి తోటను, ఖర్చు తక్కువయని, ఒకటి రెండు పర్యాయములు ఉంచుకొనును. దిగుబడి సన్నగిల్లినంతనే దుబ్బులు పెకలించి కొత్త ముచ్చెలు నాటును. సలహా సంఘములకును వరుసగా రెండు పర్యాయములు, పిదప ఒక పర్యాయము విరామము చాలునని నా యభిప్రాయము. ఇట్టి నియమమును మండలి తీర్మానముగనో ప్రభుత్వపు టుత్తరువుగనో కోరుచు అర్జీ పెట్టుకొనుటకు ఏ పౌరునికిని అభ్యంతరము లేదు.

అంతకుముందు చేయవలసిన పని వేరొకటి కలదు. తనకు సలహా చెప్పు సంఘముల వివరములను, వాని సమావేశములకు ప్రజలు పోవచ్చునా, కార్యవివరములు ప్రజలకు లభించునా యను సంగతులను ప్రతి ప్రభుత్వ సంస్థయు తనంతట తానే ప్రకటింపవలెనని 2005 నాటి సమాచార హక్కు చట్టము నాలుగవ సెక్షను శాసించుచున్నది. ప్రకటింపనిచో, మీ వార్డు సంఘ సభ్యుల జాబితా, నియామకపు టుత్తరువు, అందలి గడువు, సమావేశ వివరములు కోరుచు పురపాలక కార్యాలయ సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేయుడు. దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి ఆ రుసుమును లేదు. ముప్పది దినములలో ప్రత్యుత్తరము రానిచో, మరి ముప్పది దినములలోపల అదే కార్యాలయపు అప్పీలు అధికారికి మొదటి అప్పీలు పెట్టుకొనవలెను.