ఆశ్రితులు - ఆశ్రయదాతలు

నిజామాబాదు జిల్లాలోని మాక్లూరు, ఆర్మూరు ప్రాంతముల రైతులు పసుపుకొమ్ములను ఉడికించి కళ్ళములలో ఎండబోయుదురు. అకాలవర్షము వచ్చినచో తార్పాలిను పట్టాలు కప్పి పంటను కాపాడుకొందురు. పంటకు కొన్ని గడియలు మాత్రమే రక్షణమిచ్చు అట్టి పట్టాయే యేండ్ల తరబడి ఇంటికప్పుగా గల కుటుంబములు లోకమున ఎన్నో కలవు. అవి శరణార్థుల కుటుంబములు.

యుద్ధమువలననో హింసవలననో స్వదేశమును విడిచి పరదేశమును ఆశ్రయించినవారే శరణార్థులు. ఇట్టి కష్టము తెలుగువారికి తెలియనిది కాదు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు, అచ్చటి రేవులలోను బియ్యపుమిల్లులలోను పనిచేయుచుండిన తెలుగువారనేకులు కాలినడకను భారతదేశమునకు బయలుదేరిరి. కొందరు అరకాను కొండల మీదుగా, మరికొందరు మణిపురము మీదుగా నడచిరి. ఆ త్రోవలలోను విడిదులలోను కలరా, మలేరియా వేలమందిని బలిగొన్నవి.

2017 ఆగస్టు మొదలుకొని ఆ అరకాను నుండియే, అనగా నేటి రఖైను రాష్ట్రమునుండి, ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజారు జిల్లాకు చేరిరి. తొలిదినములలో సమీప గ్రామస్థులు వారికి అన్నము పెట్టిరి. గుడిసెలకొరకు కొండలను చదునుచేసిరి. వంటచెరకుకొరకు చెట్లను నరికి, వేళ్ళను సైతము పెకలించిరి. వేళ్ళు లేని మట్టి వానకు నిలువదు. కొండచరియలు విరిగి గుడిసెలపై పడినవి. కొట్టుకొనివచ్చిన ఇసుక దిగువ పొలములలో మేటవేసినది. ఆశ్రితుల ఆపద ఆశ్రయదాతలకును ఆపద అయినది.

కావున రక్షణోపాయములు ఇరువురకును కలిపియే చేయవలసివచ్చెను. 2018 నుండి శరణార్థులకును, గ్రామస్థులలో కొందరికిని వంటగ్యాసు ఇచ్చిరి. కొండవాలులందు వట్టివేళ్ళ గడ్డిని నాటిరి. 1970 నవంబరు తుపానులో లక్షలమంది మరణించిన పిమ్మట, 1972లో బంగ్లాదేశ్‌లో స్వచ్ఛంద సేవకులద్వారా తుపాను హెచ్చరికలు చేయు ఏర్పాటు నెలకొన్నది. ప్రమాదము పెరిగినకొలది ఒకటి, రెండు, మూడు జెండాలను ఎగురవేయుదురు. చదువురానివారికి సైతము ఈ సంకేతము తెలియును. శిబిరములలోని యువతీయువకులకు కూడ ఈ పనిని నేర్పిరి. 2023 మే 14వ తేదీన మోఖా తుపాను మయన్మారు తీరమును తాకినప్పుడు కాక్స్ బజారులో వేల గుడిసెలు దెబ్బతిన్నను, అచ్చట పెద్ద ప్రాణనష్టము జరుగలేదు.

అయినను కొరతలు తీరలేదు. శాశ్వతగృహములకు అనుమతి లేనందున వెదురు, పట్టాలే వారికి గతి. 2021 మార్చి 22వ తేదీన ఆ శిబిరములలో నిప్పంటుకొని, పదిమందికి పైగా మరణించిరి. సుమారు 45,000 మంది నిలువనీడ కోల్పోయిరి. చుట్టునున్న ముళ్ళకంచె పారిపోవువారికి అడ్డమైనదని బ్రతికి బయటపడినవారు చెప్పిరి. ఆ మంటలలో స్థానికుల దుకాణములును కాలిపోయినవి.

కంచె మనుష్యులను ఆపినది గాని మంటను ఆపలేదు. శరణార్థికి పారిపోవుటకు త్రోవ ఉంచుటయు, గ్రామస్థుని పొలమును ఇసుకమేటనుండి కాపాడుటయు వేరువేరు పనులు కావు. ఒక్క కొండక్రింద నివసించువారు ఒక్కటిగా జాగ్రత్తపడిననే అందరికిని క్షేమము.