ఒకే ట్యాంకు, పది ఇళ్లు



కర్నూలుకు తుంగభద్ర, కడపకు పెన్న. ఎండాకాలంలో రెండూ సన్నబడతాయి. అపార్ట్‌మెంటులో పైన ట్యాంకు ఒకటే కాబట్టి మన కొళాయి కారితే పక్కింటివాళ్లూ ట్యాంకరుకు డబ్బు కట్టాలి. సెకనుకో చుక్క కారినా రోజుకు 86,400 చుక్కలు. ఈ గుణకారం మీ పిల్లల చేతే చేయించండి, ఐదో తరగతివాళ్లకు సులభమే! అద్దె ఇల్లు కదా, ఓనరే చూసుకుంటాడులే అని ఊరుకోవద్దు. ఆయనకు ఫోన్ చేసి చెప్పి, వాషర్ మీరే వేయించి, ఖర్చు అద్దెలో పట్టుకోమని అడగండి.

శబ్దం ఇంకో సంగతి. మనం నడిచే బండలే కిందివాళ్లకు మిద్దె. రాత్రిపూట కుర్చీలు ఈడ్చొద్దు, మిక్సీ వేయొద్దు. మార్చిలో కింద పదో తరగతి పిల్ల చదువుకుంటుంటే మరీ జాగ్రత్త. ఇంట్లో ఫంక్షన్ ఉంటే ముందురోజే తలుపు తట్టి, "అక్కా, రేపు కొంచెం సందడిగా ఉంటుంది" అని చెప్పండి. పిల్లలను వెంట తీసుకెళ్లండి.