దమ్ము మానితే మాట నిలుస్తుంది

లోతుకుంట నుంచి పాత అల్వాల్ దాకా ఏ చాయ్ బండి దగ్గర నిలబడ్డా ఈ మాట వినబడుతుంది: “ఒక్క దమ్ము లాగితేనే బుర్ర పనిచేస్తదన్నా!” అన్నవాళ్లు అబద్ధమాడటం లేదు. ఆ క్షణంలో నిజంగానే చురుకు వచ్చినట్టుంటుంది. కానీ రక్తంలోని నికోటిన్ దాదాపు రెండు గంటల్లోనే సగానికి పడిపోతుంది. చికాకు మొదలవుతుంది, ధ్యాస చెదురుతుంది. తర్వాతి సిగరెట్ పూడ్చేది ఆ లోటునే. అది కొత్తగా తెలివేమీ ఇవ్వదు, తాను గుంజుకున్నదాన్నే కాసేపు తిరిగిస్తుంది.

పొగతో రక్తనాళాలు దెబ్బతింటాయి. ఆ నష్టం ఊపిరితిత్తులతో ఆగదు, మెదడు దాకా పోతుంది. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 12 దేశాల్లో నలభై దాటిన 9,436 మందిని పరిశీలించి, 2025లో ఫలితాలు ప్రచురించారు. మానేసినవారిలో తర్వాతి ఆరేళ్లలో జ్ఞాపకశక్తి తరిగే వేగం, తాగుతూనే ఉన్నవారికంటే సుమారు 20 శాతం తక్కువ. అడిగిన వెంటనే పదాలు తట్టే శక్తి తరిగే వేగమైతే దాదాపు సగమే. మానడమే దీనికి కారణమని ఈ పరిశీలన ఒక్కటే రుజువు చేయదు. అయినా యాభై దాటాక మానినా లాభం ఉండొచ్చన్న ఆశకు ఇది గట్టి ఆధారం.

పొగ తరిగించే ఈ మాట మెదడుకు ఎంత బలమో మన హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలోనే తేలింది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా వచ్చిన 648 మందిపై చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. ఒకే భాష వచ్చినవారికంటే రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే అల్వాల్ వాసికి ఇది సొంత ఆస్తి. దాన్ని పొగపాలు చేసుకోవద్దు.

మానిన మొదటి వారం కష్టమే. మాట మధ్యలో తడబడొచ్చు, లెక్క తప్పొచ్చు. “మానేశాకే బుర్ర మొద్దుబారింది” అనుకుని మళ్లీ ముట్టించకండి. సాధారణంగా నాలుగు వారాల్లో ఆ మబ్బు విడిపోతుంది. తాగాలన్న తహతహ వచ్చిన ప్రతిసారీ కొన్ని నిమిషాలే ఉంటుంది. అప్పుడు ఒక నిమిషంలో ఎన్ని కూరగాయల పేర్లు చెప్పగలరో చూడండి. ముందు తెలుగులో, తర్వాత హిందీలో. పదాలు తట్టే శక్తిని కొలవడానికి పరిశోధకులు పెట్టే పరీక్ష కూడా దాదాపు ఇలాంటిదే.

మానే తేదీ ఈ రోజే ఖాయం చేసుకోండి. ఇంట్లోవాళ్లకు చెప్పండి. ఒంటరిగా మీ వల్ల కాకపోతే సిగరెట్ పెట్టె మీదే ఉన్న 1800-11-2356కు ఫోన్ చేయండి. సాయం అడగడం కూడా ధైర్యమే.