కణంలోని చక్కెర చీటీ

చక్కెర అనగానే మనకు చాయ్, మిఠాయి, ఆ తర్వాత షుగరు జబ్బు గుర్తుకొస్తాయి. అయితే మన శరీరం చక్కెరను శక్తి కోసమే వాడుకోదు. చక్కెర అణువులను గొలుసులుగా, కొమ్మలుగా అల్లి ప్రోటీన్లకు తగిలిస్తుంది. వాటిలో కొన్ని, ఏ ప్రోటీను ఎక్కడికి చేరాలో తెలిపే గుర్తులు. హైదరాబాదు విశ్వవిద్యాలయ జీవరసాయన శాస్త్ర విభాగంలో పనిచేసిన ఆచార్య నడింపల్లి శివకుమార్ పరిశోధనలో పెద్ద భాగం ఈ గుర్తుల చుట్టూ సాగింది. ఆ పని ఏమిటో, మన ఇళ్లకు దానితో ఏం సంబంధమో తెలుసుకుందాం.

బడిలో కణం పాఠం చెప్పేటప్పుడు లైసోజోములను ‘స్వయం విచ్ఛిత్తి సంచులు’ అంటాం. కణంలో పనికిరాని పదార్థాన్ని ముక్కలు చేసే దాదాపు 60 రకాల ఎంజైములు వాటిలో ఉంటాయి. ఎక్కడో తయారైన ఎంజైము సరిగ్గా ఆ సంచికే ఎలా చేరుతుంది? గాల్జీ సంక్లిష్టంలో దానికున్న చక్కెర గొలుసు మీద ‘మానోజ్ 6-ఫాస్ఫేట్’ అనే గుర్తు పడుతుంది. కవరు మీద 502103 అని రాస్తే ఉత్తరం సిద్దిపేటకు వచ్చినట్టే, ఈ చీటీ ఉన్న ఎంజైము లైసోజోముకు చేరుతుంది. చీటీ చదివి మోసుకుపోయే గ్రాహక ప్రోటీన్లు రెండు: ఎంపీఆర్ 300, ఎంపీఆర్ 46. ఆ అంకెలు వాటి అణుభారాన్ని తెలుపుతాయి.

ఈ గ్రాహకాల గురించి మొదట తెలిసిందంతా చాలావరకు క్షీరదాల నుంచే. మిగతా జీవుల సంగతేమిటి? జర్మనీలోని గోటింగెన్‌కు చెందిన కర్ట్ ఫాన్ ఫిగురా బృందంతో కలిసి శివకుమార్ ఈ ప్రశ్న పట్టుకున్నారు. చేపలు, ఉభయచరాలు, సరీసృపాలు, పక్షులు ఒక్కొక్కటిగా పరిశీలించారు. తర్వాత వెన్నెముక లేని ఆలిచిప్పలోనూ, నక్షత్ర చేపలోనూ వెతికారు. పద్ధతి చెప్పడానికి సులువే. మానోజ్ ఫాస్ఫేట్ చక్కెరలు అంటించిన జెల్‌ను గొట్టంలో నింపి, కణజాల ద్రవాన్ని దాని గుండా పంపుతారు. గ్రాహకం చక్కెరకు అంటుకుని నిలుస్తుంది, మిగతావి జారిపోతాయి. ఆ తర్వాత మానోజ్ 6-ఫాస్ఫేట్ ద్రావణం పోస్తే గ్రాహకం విడివడి బయటికొస్తుంది. వెన్నెముక గల జీవులు పుట్టకముందు నుంచే ఈ ఏర్పాటు ఉందని ఈ పరిశోధనలు సూచించాయి. మనం కూర వండుకునే అనుముల గింజల్లో చక్కెరలను పట్టుకునే లెక్టిన్లనే ప్రోటీన్లను కూడా ఆయన బృందం అధ్యయనం చేసింది.

ఇంత చిన్న చీటీ ఎందుకంత ముఖ్యం? చీటీ పడకపోతే ఎంజైములు దారి తప్పి కణం బయటికి పోతాయి. దాన్ని ఐ-సెల్ వ్యాధి అంటారు. చీటీ ఉన్నా ఒక ఎంజైమే లోపిస్తే అది ముక్కలు చేయాల్సిన సంక్లిష్ట చక్కెర కణాల్లో పేరుకుపోతుంది. హర్లర్ వ్యాధి అలాంటిది. పుట్టినప్పుడు బాగానే ఉన్న బిడ్డకు క్రమంగా కాలేయం, ప్లీహం పెరుగుతాయి, కీళ్లు బిగుస్తాయి, నల్లగుడ్డు మసకబారుతుంది, నేర్చుకున్న మాటలు కూడా వెనకపడతాయి.

1968లో అమెరికాలో ఎలిజబెత్ న్యూఫెల్డ్ బృందం హర్లర్, హంటర్ వ్యాధుల కణాలను కలిపి పెంచింది. ఒకదాని లోపాన్ని మరొకటి సరిచేసింది. ఒక కణం వదిలిన ఎంజైమును మరో కణం తీసుకోగలదని దీనితో తేలింది. అలా తీసుకోవడానికి తోడ్పడే గుర్తు మానోజ్ 6-ఫాస్ఫేట్ అని 1977లో తెలిసింది. హర్లర్ వ్యాధికి 2003 నుంచి వాడుకలో ఉన్న ఎంజైము చికిత్స ఈ సూత్రం మీదే ఆధారపడింది. మందు రక్తంలోకి ఎక్కితే, ఎంపీఆర్ 300 దాన్ని కణంలోకి చేర్చుతుంది. అయితే అది మెదడుకు సరిగా చేరదు. ఖరీదూ చాలా ఎక్కువ.

ఈ జబ్బుల్లో ఎక్కువ వాటికి తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు రావాలి. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, కానీ ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. మేనరికాలు, దగ్గరి రక్తసంబంధపు పెళ్లిళ్లు మన ప్రాంతంలో వేర్వేరు మతాల్లో ఉన్నాయి. దగ్గరి రక్తసంబంధంలో ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. ఇందులో తల్లిని నిందించడానికి ఏమీ లేదు. ఇంట్లో ఇలాంటి బిడ్డ ఒకరు ఉంటే తర్వాతి కాన్పుకు ముందే జన్యు సలహా తీసుకోవాలి.

హైదరాబాదులోని నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి అరుదైన వ్యాధుల కేంద్రంగా ఉన్నాయి. 2021 జాతీయ విధానం కింద ఇచ్చే సాయం పరిమితిని 2022లో 50 లక్షల రూపాయలకు పెంచారు. సిద్దిపేట నుంచి ఆ కేంద్రానికి దూరం సుమారు 100 కిలోమీటర్లే. దారి తెలియక, వెంట వచ్చేవారు లేక ఆగిపోయే తల్లిదండ్రులకు ఆ దారి చూపడం చదువుకున్న వారి బాధ్యత. తరగతిలో వెనకపడుతున్న ప్రతి బిడ్డనూ మొద్దు అనకుండా, ఒంట్లో ఏముందో ఒకసారి చూపించమని చెప్పడం ఉపాధ్యాయులమైన మా బాధ్యత.