రైలు కనబడని రైల్వే ఫొటోలు: సందేహాలు – సమాధానాలు

సందేహం: హేవ్‌లాక్ వంతెనను చాలాకాలంగా ఫొటోలు తీస్తున్నాను. చూసినవాళ్లంతా “రైలు లేదేమిటి, బోసిగా ఉంది” అంటున్నారు. రైలు లేకపోతే రైలు వంతెన ఫొటోకి విలువ లేదా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: ఆ వంతెన మీదికి ఇక రైలు రాదండి. 1900లో మొదలైన రాకపోకలు 1997లో ఆగిపోయాయి. రైలుంటేనే ఫొటో అనుకుంటే హేవ్‌లాక్‌ని ఎవరూ తీయనక్కర్లేదు. నా మటుకు నాకు రైలు లేని వంతెనే ఎక్కువ ఇష్టం. ఇంజను ఫ్రేములోకి వచ్చిందంటే చూసేవాళ్ల కన్ను అక్కడే ఆగిపోతుంది. రాతి స్తంభాలు, వాటి మీద ఏటేటా వరద వదిలిన మరకలు, గర్డర్ల తుప్పు, ఇవేవీ వాళ్లకి ఆనవు. మీ ఫొటో బోసిగా ఉందంటే రైలు లేనందుకు కాకపోవచ్చు. మీరు ఏం చూపించదలచుకున్నారో అందులో తేలకపోయి ఉండవచ్చు.

ఒకటి చెబుతాను, ప్రయత్నించండి. హేవ్‌లాక్‌కి 56 ఖానాలు, ఒక్కొక్కటి 150 అడుగులు. పక్కనే 1997లో పూర్తయిన కాంక్రీటు ఆర్చి వంతెనకి 28 ఖానాలే, ఒక్కొక్కటి 97 మీటర్ల పైచిలుకు. పాతదానికి రెండు ఖానాలు పట్టిన చోట కొత్తదానికి ఒక్క ఆర్చి సరిపోయింది. ఒకే నదిని ఒకే చోట ఇంజనీర్లు దాదాపు నూరేళ్ల తేడాతో రెండు రకాలుగా దాటారన్నమాట. ఆ సంగతి ఒక్క ఫ్రేములో పట్టండి. జూమ్ చేసి రెండు ఖానాలు, వాటి వెంట ఒక ఆర్చి, అంతవరకే ఉంచండి. నదినంతా ఇరికించాలని చూస్తే వంతెన సన్నటి గీతలా మిగులుతుంది. చేపలవాళ్ల పడవ ఒకటి స్తంభం పక్కకి వచ్చేదాకా ఆగితే దాని ఎత్తెంతో చూసేవాళ్లకి తెలుస్తుంది.

కాలం కూడా ముఖ్యమే. ఏప్రిల్, మే నెలల్లో ఇసుక మేటలు తేలి స్తంభాల అడుగు బయటపడుతుంది. ఆగస్టులో ఎర్రనీరు వాటిని సగం మింగుతుంది. ఒకేచోట నిలబడి రెండూ తీసి పక్కపక్కన పెట్టండి. మీ ఒడ్డున ఉదయం వెలుగు మీ వెనకనుంచి పడుతుంది కాబట్టి రాయి, ఇనుము వివరంగా వస్తాయి. సాయంత్రం సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతాడు కాబట్టి వంతెన నల్లటి ఆకారంగా వస్తుంది. అందరూ సాయంత్రమే తీస్తారు. మీరు ఉదయం వెళ్లండి.

సందేహం: అరకు రైల్లో కిటికీ పక్కన కూర్చుని తీసిన ఫొటోలు కొన్ని మరీ తెల్లగా, కొన్ని మరీ నల్లగా వస్తున్నాయి. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

సమాధానం: తప్పు సొరంగాలదమ్మా. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960లలో వేసిన ఈ దారిలో 58 సొరంగాలు ఉన్నాయి. కెమెరా చీకటికి అలవాటుపడేలోపు వెలుగొస్తుంది, వెలుగుకి అలవాటుపడేలోపు మళ్లీ చీకటి. ఆటోమేటిక్ వదిలెయ్యి. బయట ఎండలో ఉన్నప్పుడే ఎక్స్‌పోజర్ చూసుకుని, ఫోనైతే తెర మీద వేలు నొక్కిపట్టి, దాన్ని కదలకుండా బిగించెయ్యి. షటర్ సెకనులో వెయ్యోవంతు ఉంటే దగ్గరి బండలు కూడా చెదరవు. వంపుల్లో ముందు పెట్టెలు ఫ్రేములోకి వస్తాయి. అవి వద్దనుకుంటే ముందుకు చూడకుండా నేరుగా పక్కకి తీయి. చెయ్యీ, తలా కిటికీ లోపలే ఉండాలి. తలుపు దగ్గర నిలబడటం అసలే వద్దు.

బండి ఆగినప్పుడు స్టేషన్ పేరు రాసిన పసుపు బోర్డు తీయడం మరిచిపోకు. సముద్రమట్టానికి ఎంత ఎత్తో దాని అడుగున రాసి ఉంటుంది. శిమిలిగుడ 996 మీటర్ల ఎత్తులో ఉంది. బయల్దేరేటప్పుడు విశాఖ బోర్డు కూడా తీసి ఆ రెండూ పక్కపక్కన పెడితే, రైలు బొమ్మ లేకుండానే ఎంత కొండెక్కామో చెప్పినట్టే. ఘాట్ దారుల్లో క్యాచ్ సైడింగ్ అని ఒకటుంటుంది. అదుపు తప్పిన బండిని మళ్లించి ఆపడానికి ఎగువకి వేసిన పట్టా అది. ఏ ఊరికీ పోదు, కొండవైపు కాస్త ఎక్కి ఆగిపోతుంది. కనబడితే తప్పకుండా తీయి.

సందేహం: బళ్లు లేని వేళ చూసుకుని పట్టాల మధ్య కూర్చుని తీస్తే తప్పా?
– ఒక పాఠకుడు, కాజీపేట

సమాధానం: తప్పే. రైల్వే చట్టం 1989లోని 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళితే ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చట్టం మాట అటుంచి, ఖాళీగా కనబడే పట్టా ఖాళీ కాదు. కరెంటు ఇంజను దగ్గరికొచ్చేదాకా వినబడదు. పైన తీగలో 25,000 వోల్టులుంటాయి. ఫుట్‌బ్రిడ్జి మీద గానీ దాని దగ్గర్లో గానీ సెల్ఫీ కర్ర పైకెత్తడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

మీరు కోరే దృశ్యం ప్లాట్‌ఫారం చివరినుంచి జూమ్‌తో వస్తుంది. గేటు దగ్గర రోడ్డు మీదనుంచి, పై వంతెన మీదనుంచి కూడా వస్తుంది. స్టేషన్లో స్టాండు వేసే ముందు స్టేషన్ మాస్టరుగారిని అడగండి. ఫొటోలు అమ్ముకోవడానికైతే జోన్ కార్యాలయంనుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. అడగకుండా డ్రోన్ ఎగరేయకండి.

సందేహం: మీటర్ గేజ్ పోయాక నల్లమలలో వదిలేసిన పాత దారిని ఫొటోలు తీయాలనుంది. పట్టాలే లేనిచోట అది రైలుదారి అని ఎలా తెలిసేది?
– ఒక పాఠకుడు, నంద్యాల

సమాధానం: చాలా మంచి పని తలపెట్టారు. మార్క్ రుయెడెల్ అనే ఫొటోగ్రాఫర్ అమెరికా, కెనడా పశ్చిమ ప్రాంతాల్లో వదిలేసిన రైలుదారులను ఏళ్ల తరబడి తీశాడు. ఒక్క రైలూ కనబడదు, చాలా వాటిలో పట్టాలు కూడా ఉండవు. అయినా కట్ట చెబుతుంది. నేల సహజంగా అంత సమంగా ఉండదు. కొండని కోసిన చోట గోడలు నిటారుగా ఉంటాయి, పల్లంలో మట్టికట్ట తిన్నగా సాగుతుంది, వాగు దగ్గర రాతి తూము కనబడుతుంది. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో కట్ట అంచున నీడ పడినప్పుడు ఆ గీత తేటగా తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం అది నేలలో కలిసిపోతుంది. ఆకు రాలిన వేసవి రోజులు మేలు. అడవిలోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి. అది పులులు తిరిగే చోటు, ఒంటరిగా వెళ్లకండి.

సందేహం: మాది చాలా చిన్న స్టేషను. తీయడానికి ఏముందక్కడ?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

సమాధానం: సికింద్రాబాద్ స్టేషన్ ముందున్న తోరణాలు లక్షలమంది కళ్లముందు రోజూ ఉండేవి. ఎప్పటికీ ఉంటాయనుకున్నాం. కొత్త భవనం కోసం 2025లో వాటిని కూల్చేశారు. అంత పెద్దదానికే దిక్కు లేకపోతే మీ ఊరి పెంకుటింటి స్టేషన్ గురించి ఎవరు పట్టించుకుంటారు? టికెట్ల కిటికీ చువ్వలు, సిమెంటు బల్ల, వేపచెట్టు చుట్టూ కట్టిన అరుగు, ఆవిరి ఇంజన్లకి నీళ్లు పట్టిన గొట్టం మిగిలుంటే అదీ, గేటుమన్ గది, గూడ్సు షెడ్డు తలుపు, అన్నీ తీయండమ్మా. ముందు దూరంనుంచి మొత్తం భవనం, తరవాత దగ్గరికెళ్లి ఒక్కొక్కటీ. ఫోను చాలు. గోడలు వాలిపోయినట్టు రాకుండా ఫోనుని నిటారుగా పట్టుకోండి. కరెంటు స్తంభాల మీద కిలోమీటరు నంబరుంటుంది, ప్లాట్‌ఫారం మీదనుంచి కనబడేదాన్ని ఫొటోతోపాటు రాసుకోండి. తేదీ, స్టేషన్ పేరు వేయండి. ఒక ప్రతి ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి. కూల్చివేత నోటీసు అంటించేదాకా ఆగకండి, ఈ ఆదివారమే మొదలుపెట్టండి.