నాణెం మీద ఎవరి రూపం?

వాక్యభాగం: మత్తయి 22:15–22



కైసరుకు పన్ను ఇవ్వవచ్చా అని అడిగినవారితో యేసు ప్రభువు ఒక దేనారం తెప్పించి, దాని మీద రూపం ఎవరిదని అడిగారు. ఆ ప్రశ్న యూదులను చాలాకాలం వెంటాడింది.

క్రీ.శ. 66లో రోమా మీద తిరగబడినప్పుడు వారు సొంతంగా వెండి షెకెలులు ముద్రించుకున్నారు. వాటి మీద మనిషి ముఖం లేదు. ఒకవైపు పాత్ర, రెండోవైపు మూడు దానిమ్మ మొగ్గలు, ‘పరిశుద్ధ యెరూషలేము’ అనే మాట ఉన్నాయి. 70లో దేవాలయం కూలిపోయింది.

132లో బర్ కొఖ్బా నాయకత్వంలో మళ్లీ తిరుగుబాటు లేచింది. ఈసారి చెలామణిలో ఉన్న నాణేల మీదే తమ అచ్చు కొట్టారు. పెద్ద వెండి నాణేల మీద దేవాలయపు ముఖభాగం వేశారు. అయితే కొన్నిటిని జాగ్రత్తగా చూస్తే, చక్రవర్తి ముఖపు గీతలు, పాత గ్రీకు అక్షరాలు అడుగున ఇంకా కనిపిస్తాయి. 135లో ఆ తిరుగుబాటును రోమా అణచివేసింది.

పరదేశంలో ఉన్న మనకు ఇది తెలియని సంగతా? ఆదివారం మన మీద దేవాలయం అచ్చు ఉంటుంది. సోమవారం కోపంలో, డబ్బు విషయంలో పాత గీతలు బయటపడతాయి. బయటివారికి కనిపించకపోయినా, ఇంట్లో పిల్లలకు కనిపిస్తాయి.

దేవుడు పైపైన అచ్చు కొట్టేవాడు కాడు. మొదట తన స్వరూపంలో చేసిన మనలను (ఆదికాండము 1:27) అదే పోలికలోకి దినదినం నూతనపరుస్తాడు (కొలొస్సయులకు 3:10).

ఆలోచించండి: ఈ వారం నాలో బయటపడిన పాత గీత ఏది? దాన్ని ప్రభువు చేతికి ఇచ్చానా?